బ్యాకప్ నకలు ఇంత త్వరగా ఎలా పూర్తవుతుంది?

ప్రశ్న: మా ఆసుపత్రి బ్యాకప్‌లు విశాఖపట్నంలోని స్టోరేజ్‌లో ఉంటాయి. ప్రతి రాత్రీ వాటి నకలు హైదరాబాద్‌లోని మరో స్టోరేజ్‌కు వెళుతుంది. రెండింటిలోనూ డీడూప్లికేషన్ ఉంది. మొదటి నకలుకు చాలా రోజులు పట్టింది. ఇప్పుడు నిమిషాల్లో ముగుస్తోంది. డేటా మొత్తం నిజంగా చేరుతోందా? ఇందులో బ్యాకప్ సర్వర్ పాత్ర ఏమిటి?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: సమయం తగ్గడం లోపానికి సూచన కాదు. డీడూప్లికేషన్ చేసే స్టోరేజ్ డేటాను చిన్న ముక్కలుగా విడదీసి, ప్రతి ముక్కకూ హ్యాష్ (దాన్ని గుర్తుపట్టే చిన్న సంకేతం) లెక్కగట్టి, ఒకే హ్యాష్ గల ముక్కను ఒక్కసారే దాస్తుంది. ఏ ముక్కలను ఏ వరుసలో కలిపితే బ్యాకప్ తిరిగి తయారవుతుందో విడిగా ఒక జాబితాలో ఉంటుంది.

ఏ బ్యాకప్‌ను ఎక్కడికి పంపాలో, అక్కడ ఎంతకాలం ఉంచాలో సర్వర్ ఆదేశిస్తుంది. రెండు స్టోరేజ్‌లకూ పరస్పరం డేటా పంపుకునే సౌకర్యం ఉంటే, డేటా మాత్రం సర్వర్ గుండా పోకుండా నేరుగా ఒకదాని నుంచి మరొకదానికి చేరుతుంది. విశాఖ స్టోరేజ్ ముందుగా హ్యాష్‌లను పంపితే, తన దగ్గర లేనివేవో హైదరాబాద్ స్టోరేజ్ చెబుతుంది; ఆ ముక్కలే బయలుదేరుతాయి. ముక్క సగటున 8 కేబీ, హ్యాష్ 32 బైట్లు అనుకుంటే, 1 టీబీ బ్యాకప్‌కు హ్యాష్‌లన్నీ కలిపి సుమారు 4 జీబీ మాత్రమే.

అసలు జాగ్రత్త ఆ తరువాత కావాలి. ముక్కలన్నీ డిస్కుపై భద్రంగా చేరాకే జాబితా ఖరారు కావాలి, అది ఖరారయ్యాకే సర్వర్ తన క్యాటలాగ్‌లో (ఏ బ్యాకప్ ఎక్కడ ఉందో చూపే పట్టికలో) రెండో నకలును నమోదు చేయాలి. ఈ క్రమం తప్పిన చోట మధ్యలో లైను తెగితే, లేని ముక్కలను చూపే జాబితా మిగులుతుంది. కాలం చెల్లిన ముక్కలను ఏరివేసే పనితో మరో చిక్కు ఉంది. ఒక ముక్క తన దగ్గర ఉందని చెప్పిన స్టోరేజ్, నకలు ముగిసేలోగా దాన్నే తొలగిస్తే ఆ బ్యాకప్ పనికిరాదు కనుక, అటువంటి ముక్కలను అప్పటివరకు తొలగించకుండా నిలిపి ఉంచాలి.

ఏదో ఒక రాత్రి నకలుకు అకస్మాత్తుగా చాలా ఎక్కువ సమయం పడితే మాత్రం వెంటనే ఆరా తీయండి. బ్యాకప్‌కు ముందే డేటా ఎన్‌క్రిప్ట్ అయితే (రహస్య సంకేతాలుగా మారితే) ముక్కలన్నీ కొత్తవిగానే కనబడతాయి. అది మీరు చేసిన మార్పు కాకపోతే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే హానికర ప్రోగ్రామ్) పని కావచ్చు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకినప్పుడు విశాఖలో విద్యుత్తు, ఫోన్లు స్తంభించిన సంగతి మీకు తెలిసిందే. కాబట్టి తీరానికి దూరంగా నకలు ఉంచడం చాలా మంచి నిర్ణయం. అయితే క్యాటలాగ్ నకలు కూడా అక్కడ ఉందో లేదో చూసుకొని, విశాఖ సర్వర్ అసలు లేదనుకొని, హైదరాబాద్ నకలు నుంచే కొందరు రోగుల రికార్డులను తిరిగి తెచ్చి తెరిచి చూడండి.