చేత్తో కలిపిన రూల్‌ను టెర్రాఫామ్ తీసేస్తానంటే

అర్ధరాత్రి సర్వీస్ ఆగిపోతే ఎవరో క్లౌడ్ కన్సోల్‌లో (వెబ్ పేజీలో) ఫైర్‌వాల్ రూల్ కలిపారు, ఇప్పుడు టెర్రాఫామ్ (సర్వర్లు, నెట్‌వర్క్‌లను కోడ్‌తో నడిపే టూల్) ప్లాన్, అంటే ఏమేం మారుస్తుందో ముందే చూపే జాబితా, దాన్ని తీసేస్తానంటోంది అన్నారు కదా. దయచేసి ఇప్పుడే అప్లై (ఆ మార్పుల్ని అమలు చేసే కమాండ్) కొట్టకండి. ముందు రిఫ్రెష్-ఓన్లీ ఆప్షన్‌తో ప్లాన్ నడిపి ఏమేం మారాయో చూడండి. దాన్ని అప్లై చేసినా స్టేట్ (ఏమేం ఉన్నాయో టెర్రాఫామ్ రాసుకునే రికార్డు) మాత్రమే మారుతుంది, కోడ్ మారదు. చాలామంది ఇక్కడే పొరబడతారు. ఆ రూల్ ఉండాల్సిందే అయితే పోర్టు, ఐపీ రేంజ్ ఉన్నదున్నట్టు కోడ్‌లో రాసి, మామూలు ప్లాన్‌లో ‘నో ఛేంజెస్’ వచ్చేదాకా సరిచూసుకోండి. కొత్త రిసోర్స్‌నే (సర్వర్ లాంటిది) చేత్తో సృష్టించి ఉంటే, దాన్ని టెర్రాఫామ్ కిందికి తెచ్చుకోవడానికి 1.5 వెర్షన్ నుంచి ఇంపోర్ట్ బ్లాక్ ఉంది. ఇకపై డీటెయిల్డ్-ఎగ్జిట్‌కోడ్ ఆప్షన్‌తో రోజూ ప్లాన్ నడిచేలా పెట్టండి. ఎగ్జిట్ కోడ్‌గా (కమాండ్ ముగిశాక ఇచ్చే అంకె) 2 వస్తే తేడా ఉన్నట్టే, వెంటనే టీమ్‌కి అలర్ట్ వెళ్లాలి.