ఐఈఎల్‌టీఎస్ లిజనింగ్: ఒకటి పోతే వరసగా పోతున్నాయా?

ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్షలో, ఆడియో విని జవాబులు రాసే లిజనింగ్ మూడో భాగంలో ఒక జవాబు తప్పగానే టెన్షన్‌తో తర్వాతివీ పోతున్నాయన్నారు కదండీ. ఆడియో ఒక్కసారే వినిపిస్తారు, పోయినదాన్ని అక్కడే వదిలేసి తర్వాతి ప్రశ్న చూడండి. ఆ భాగంలో విద్యార్థులు చర్చించుకుంటూ మాట మారుస్తారు: ఒకరు ‘ట్యూస్‌డే’ అంటారు, ఇంకొకరు ‘నో, థర్స్‌డే’ అంటారు. మొదట విన్నది రాసేస్తే మార్కు పోయినట్టే. చివరికి అందరూ ఒప్పుకున్నదే జవాబు.

విశాఖలో గాజువాక నుంచి మద్దిలపాలెం వెళ్లే బస్సులో మీరు ఇయర్‌ఫోన్స్‌తో వినడం యాస అలవాటు కావడానికి మంచిదే. అసలు సాధన మాత్రం ఇంట్లో కూర్చుని, మధ్యలో ఆపకుండా 40 ప్రశ్నలూ చేయడం. తర్వాత తప్పు చేసిన చోట స్క్రిప్ట్ (ఆడియోలోని మాటలు రాసి ఉన్న కాగితం) చూస్తూ మళ్లీ వినండి, దయచేసి ఇది మానొద్దు. కంప్యూటర్ పరీక్షలో చివర సరిచూసుకోవడానికి 2 నిమిషాలే ఇస్తారు, కాబట్టి స్పెల్లింగ్ అప్పటికప్పుడే చూసుకోండి. ఖాళీ వదలకండి, తప్పు జవాబుకు మార్కులు తగ్గించరు.