సముద్రం పక్కన రికార్డులు పెట్టుకునేవాడికి

చిరంజీవి నాన్నకి,

పెద్దమ్మ ఆశీస్సులు. పాటల రికార్డులు వేసుకునే టర్న్‌టేబుల్ కొన్నావని, పాత ఊళ్ళో ఎవరింట్లోనో అటక మీంచి దింపిన రికార్డుల పెట్టె ఒకటి బేరం కుదిరిందని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం వేసింది. ఫోన్లో నువ్వు అడిగినవన్నీ ఫోన్లోనే చెబితే సగం మర్చిపోతావు. అందుకే రాస్తున్నాను, దాచుకో.

నువ్వుండేది విశాఖపట్నం లాసన్స్ బేలో, సముద్రానికి రెండు వీధుల అవతల. అక్కడ కిటికీ ఊచలకి రంగు వేసిన ఏడాదికే తుప్పు వస్తుంది, ఉప్పు డబ్బా మూత తీసి ఉంచితే సాయంత్రానికి చెమ్మగిల్లుతుంది. హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఉండేవాళ్ళు చెప్పే జాగ్రత్తలు ఇక్కడ సరిపోవు. మన ఊళ్ళో రికార్డుని పాడుచేసేది వాడకం కాదు, వాడకపోవడం. పెట్టెలో పెట్టి మూసేసిన రికార్డుకి బూజు పడుతుంది. వారానికోసారైనా తీసి, తుడిచి, విని, మళ్ళీ పెట్టిన రికార్డు బతుకుతుంది. కాబట్టి నువ్వు వినగలిగినన్నే కొనుక్కో. గోడ నిండా పేర్చి ఫోటోలు తీసుకోవడానికైతే ఈ ఊళ్ళో వద్దు నాన్నా.

రికార్డులు చేసే వినైల్ ప్లాస్టిక్‌కి నీళ్ళంటే భయం లేదని ముందు తెలుసుకో. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా హాల్లో కిటికీ అద్దాలు పగిలి, వాన నేరుగా రికార్డుల అలమర మీదకి కొట్టింది. అట్ట కవర్లన్నీ నీళ్ళు తాగి ఒకదానికొకటి అంటుకుపోయాయి. కరెంటు లేదు, ఫ్యాను లేదు. కవర్లు చింపి రికార్డులు బయటికి తీసి, మంచినీళ్ళతో కడిగి, గిన్నెలు ఆరబెట్టే ప్లాస్టిక్ స్టాండులో వరసగా నిలబెట్టాను. కొన్నిటికి మధ్యలో లేబుల్ రంగు కారింది, అంతే. పాట ఒక్కదానికీ పోలేదు. ఆరకుండా అలాగే కవర్లలో వదిలేసినవాళ్ళ రికార్డులు తర్వాత చూశాను. తెల్లటి చుక్కలు, ముల్లు పెడితే చిటపట. తడి అట్ట, అందులో పుట్టే బూజు, ఈ రెండే అసలు శత్రువులు.

అందుకని నువ్వు ఇంటికి తెచ్చిన పెట్టెలో ఏ రికార్డునీ పాత కవరుతో నేరుగా అలమరలో పెట్టొద్దు. ముందు లోపలి పాత ప్లాస్టిక్ సంచులు పారెయ్యి. ఏళ్ళ తరబడి వేడికి అవి రికార్డుకి అతుక్కుని మసక మచ్చలు వదులుతాయి. కొత్త లోపలి కవర్లు ఆన్‌లైన్లో దొరుకుతాయి, అవి వెయ్యి. అట్ట కవర్లు ఎండలో పెడితే రంగు వెలిసిపోతుంది, నీడలో గాలికి ఆరబెట్టు. అలమర బయటి గోడకి ఆనించకు. వానాకాలంలో ఆ గోడే చెమ్మ తాగుతుంది. లోపల తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్ ఒకటి పెట్టుకో. గాలిలో తేమ 50 శాతం దగ్గర ఉంటే హాయి. మన దగ్గర ఏడాదిలో చాలా రోజులు 70 దాటే ఉంటుంది కాబట్టి సిలికా జెల్ సంచులు వేసి, రంగు మారగానే వేడిచేసి మళ్ళీ వాడు. రికార్డుల్ని ఎప్పుడూ నిటారుగా నిలబెట్టాలి. ఒకదాని మీద ఒకటి పడుకోబెడితే అడుగునున్నవి బరువుకి వంగుతాయి. వంగడానికి ఇంకో కారణం ఎండ. ఏప్రిల్, మే నెలల్లో కొన్న రికార్డుల్ని కారులో వదిలి టిఫిన్‌కి వెళ్ళావంటే తిరిగొచ్చేసరికి అప్పడంలా వంకర పోయి ఉంటాయి.

కడగడం గురించి. బోరు నీళ్ళు వద్దే వద్దు, ఆరిపోయాక అందులోని ఉప్పు పాట చెక్కిన సన్నటి గాళ్ళల్లో ఉండిపోతుంది. బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ ఏ బ్యాటరీ కొట్లో అయినా దొరుకుతుంది, అది చాలు. గిన్నెలు తోమే లిక్విడ్ ఒకటి రెండు చుక్కలు కలిపి, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో గాడి తిరిగిన దారిలోనే గుండ్రంగా తుడువు, అడ్డంగా రుద్దకు. లేబుల్ తడవనివ్వకు. తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో మళ్ళీ ఒకసారి తుడిచి, నిలబెట్టి పూర్తిగా ఆరనివ్వు. ప్రతిసారీ ఇంత అక్కర్లేదు. మామూలు రోజుల్లో ముల్లు దించే ముందు కార్బన్ ఫైబర్ బ్రష్ ఒక చుట్టు తిప్పితే దుమ్ము పోతుంది.

ఆ పెట్టెలో 78లు, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డులు కూడా ఉన్నాయని విన్నాను. అవి వేరే జాతి. అవి వినైల్ కాదు, లక్కతో చేసినవి. చేతిలోంచి జారితే ముక్కలే. స్పిరిట్, ఆల్కహాల్ ఉన్న క్లీనర్ ఏదీ వాటికి తగలకూడదు, లక్క కరిగిపోతుంది. వాటి గాడి ఎల్పీ (33⅓ స్పీడులో తిరిగే పెద్ద వినైల్ రికార్డు) గాడి కంటే చాలా వెడల్పు. ఎల్పీ ముల్లు పెడితే అది గాడి అడుగున ఈదుతూ అక్కడున్న మురికినంతా వినిపిస్తుంది. 78కి వేరే ముల్లు కొనాలి. నీ ప్లేయర్‌లో 78 స్పీడు ఉందో లేదో కూడా చూసుకో, కొత్తవాటిలో చాలా వాటికి 33⅓, 45 మాత్రమే ఉంటాయి. అలాగే ఎవరైనా కీ ఇచ్చే పాత గ్రామఫోన్ చూపించి ఎల్పీ పెట్టమంటే ఒప్పుకోకు. దాని తల బరువు వంద గ్రాముల పైనే, దానికి స్టీలు ముల్లు. ఒక్కసారికే గాళ్ళు చెక్కేస్తుంది.

78లని మాత్రం తక్కువగా చూడకు. పది అంగుళాల ప్లేటు ఒక వైపు మూడు నిమిషాల చిల్లర మాత్రమే పడుతుంది. ఆ మూడు నిమిషాల్లో ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ మీద ఒక రాగం రూపమంతా చూపించేవారు. మనకి పక్కనే ఉన్న విజయనగరం సంగీత కళాశాలకి ప్రిన్సిపాల్‌గా చేసినాయన. ఘంటసాల గారు చదువుకున్నది అక్కడే. ఇలాంటివి ఈ ప్రాంతం ఇళ్ళల్లోనే ఇంకా అటకల మీద ఉండి ఉంటాయి. దొరికితే వదలకు, చిటపటలు ఉన్నా సరే.

ఇక ముల్లు. నీ డబ్బులో ముందు వాటా దానికే. స్పీకర్లు తర్వాత కొనుక్కోవచ్చు. అరిగిన ముల్లు తను సరిగ్గా పాడకపోవడమే కాదు, ఎక్కిన ప్రతి రికార్డునీ గీసుకుంటూ పోతుంది. మామూలు ముల్లు 500 నుంచి 1000 గంటల దాకా వస్తుంది. సెకండ్‌హ్యాండ్ ప్లేయర్ కొన్నావు కాబట్టి దానితో వచ్చిన ముల్లు ఎన్ని గంటలు తిరిగిందో ఎవరికీ తెలీదు. వెంటనే మార్చెయ్యి. తర్వాత ముల్లు రికార్డు మీద మోపే బరువు చూడాలి. చాలా కార్ట్‌రిడ్జ్‌లకి (ముల్లు బిగించి ఉండే చిన్న డబ్బా) రెండు గ్రాములకి కాస్త అటూ ఇటూ సరిపోతుంది, పెట్టె మీద కంపెనీ రాసిన అంకె చూసి అదే పెట్టు. బరువు తగ్గిస్తే రికార్డు ఎక్కువ కాలం వస్తుందని అనుకుంటారు. అది నిజం కాదు. తేలికైన ముల్లు గాడిలో ఎగిరి ఎగిరి పడుతూ గోడల్ని ఇంకా పాడుచేస్తుంది. ఉప్పు గాలికి కార్ట్‌రిడ్జ్ వెనకున్న నాలుగు సన్నటి పిన్నులు నల్లబడతాయి. ఒక వైపు స్పీకర్ ఉన్నట్టుండి మూగబోతే మెకానిక్ దగ్గరికి పరిగెత్తే ముందు ఆ పిన్నులు తుడిచి చూడు.

శబ్దం సన్నగా, నీరసంగా, అడుగున మృదంగం లేనట్టు వస్తోందని అన్నావు కదా. వైరు ఎక్కడ గుచ్చావో చూడు. రికార్డు మీద పాట చెక్కేటప్పుడు కింది స్వరాలు తగ్గించి, పై స్వరాలు పెంచి చెక్కుతారు. వినేటప్పుడు దాన్ని తిరగేసి సరిచేసే పని ఫోనో ప్రీయాంప్‌ది. అది లేకుండా ఆంప్లిఫయర్ వెనక మామూలు ఆక్స్ చిల్లులో పెడితే అలాగే వినిపిస్తుంది. ఆంప్లిఫయర్ వెనక ‘ఫోనో’ అని రాసిన చోటు లేకపోతే చిన్న ప్రీయాంప్ డబ్బా ఒకటి కొను. స్పీకర్లు, ప్లేయర్ ఒకే బల్ల మీద ఉండకూడదు. స్పీకర్ అదురు ముల్లుకి ఎక్కి గుంయ్‌మంటుంది.

కొనేటప్పుడు కవరు బొమ్మ చూసి మోజుపడకు. రికార్డు బయటికి తీసి, వెలుతురు ఏటవాలుగా పడేలా పట్టుకో. గాళ్ళకి అడ్డంగా ఉన్న గీత టిక్ టిక్‌మని పోతుంది, భరించవచ్చు. గాడి వెంట పోయే గీత ప్రమాదం, అక్కడే ముల్లు ఇరుక్కుని అదే మాట మళ్ళీ మళ్ళీ పాడిస్తుంది. వేలి గోరుకి తగిలేంత లోతు గీత ఉంటే ఆ రికార్డు తిరిగి ఇచ్చెయ్యి. తర్వాత మధ్య చిల్లు చుట్టూ లేబుల్ చూడు. ప్లేటు పెట్టేటప్పుడు చిల్లు దొరక్క ఇనుప మొన మీద తడుముకున్న సన్నటి గీతలు ఉంటాయి. అవెంత ఎక్కువుంటే ఆ రికార్డు అంత తిరిగిందని లెక్క. ఘంటసాల గారి భగవద్గీత లాంటివి ఏ ఇంట్లోవి చూసినా లేబుల్ ఇలాగే గీతలమయం, రోజూ పొద్దున్నే వేసినవి మరి. కొట్లో ప్లేయర్ ఉంటే మొదటి పాట కాదు, లోపలి చివరి పాట వినిపించమను. ఎల్పీ అంచు దగ్గర ముల్లు కింద సెకనుకి 50 సెంటీమీటర్ల గాడి నడిస్తే, లేబుల్ దగ్గరికి వచ్చేసరికి 20 సెంటీమీటర్లే. అంత ఇరుకులో అరుగుదల ముందు బయటపడుతుంది. చివరి పాట శుభ్రంగా ఉంటే మిగతావి బాగున్నట్టే.

ఊళ్ళో దొరకనివాటికి కలకత్తా మంచిది. రాత్రి రైలెక్కితే మర్నాటికి హౌరా. ఫ్రీ స్కూల్ స్ట్రీట్‌లో పాత రికార్డుల కొట్లు ఉన్నాయి. రికార్డులు తయారుచేసిన హెచ్ఎంవీ కంపెనీ ఫ్యాక్టరీ ఉండేది అక్కడి దమ్‌దమ్‌లోనే, మన తెలుగు పాటలూ అక్కడ అచ్చయి వచ్చినవే. తిరుగు ప్రయాణంలో వాటిని పైబెర్తు మీద నిలబెట్టి తెచ్చుకో, సీటు కింద తోసెయ్యకు.

వినడం గురించి నేను చెప్పాల్సింది తక్కువే. ఎల్పీ ఒక వైపు ఇరవై నిమిషాల పైచిలుకు. ఆ ఇరవై నిమిషాలూ ఫోన్ వేరే గదిలో పెట్టు. సినిమా ఈపీల్లో (చిన్న రికార్డులు) నాలుగు పాటలు ఉంటాయి, నీకు తెలిసిన పాట ఒకటే అయినా మిగతా మూడూ దాటెయ్యకు. తెలియని ఆ మూడింట్లోనే నాకు జీవితాంతం తోడున్న పాటలు కొన్ని దొరికాయి. చిట్టిబాబు గారి వీణ ఎల్పీ ఏదైనా నీ పెట్టెలో ఉంటే దానితో మొదలుపెట్టు. వీణ తీగ మీటాక వచ్చే చివరి నాదం ఎంతసేపు వినబడుతుందో, నీ ముల్లూ స్పీకర్లూ ఎంత బాగున్నాయో అక్కడే తేలిపోతుంది.

కరెంటు పోతే వెంటనే ముల్లు పైకెత్తు, ప్లేటు ఆగిపోయాక ఎత్తుదాంలే అనుకోకు. కరెంటు వచ్చాక ముందు ఆంప్లిఫయర్ వాల్యూమ్ తగ్గించి, ప్లేటు పూర్తి స్పీడు అందుకున్నాక దించు. విన్నాక మూత వెయ్యి, సాయంత్రం సముద్రం వైపు కిటికీ తెరిచావంటే మాత్రం మూత వెయ్యకుండా అసలు వదలకు.

వచ్చే ఆదివారం మీ ఇంటికి వస్తాను. ముల్లు బరువు తూచే చిన్న త్రాసు నా దగ్గరుంది, తెస్తాను. ఆ 78లు ఏమేమిటో కూర్చుని చూద్దాం. నేను వచ్చేదాకా వాటిని కడగకు.

ఇట్లు,
మీ పెద్దమ్మ