దస్తావేజు తర్జుమా సరిచూడటం గురించి

తిరుపతి

నాయనా, ఆశీస్సులు.

పాత క్రయ దస్తావేజులను ఏఐతో ఇంగ్లీషులోకి తర్జుమా చేయించి పార్టీలకు ఇస్తున్నావట. చేయించు, తప్పేం లేదు. కానీ అది రాసిచ్చింది ముందు చదవొద్దు. సాఫీగా ఉండే వాక్యం ఒకసారి చదివినాక ఒరిజినల్‌లో కూడా కంటికి అదే కనబడుతుంది. ముందు దస్తావేజు తెరిచి సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు, తేదీ, క్రయధనం, పేర్లు తెల్లకాగితం మీద నీ చేత్తో రాసుకో. తర్జుమా ఆ తర్వాతే తీసి ఒక్కొక్కదానికీ టిక్కు పెట్టు.

విస్తీర్ణం దగ్గర మరీ జాగ్రత్త. మన తిరుపతిలో అంకణమంటే 36 చదరపు అడుగులు, నెల్లూరులో 72. నువ్వు చెప్పకపోతే ఏఐ ఏదో ఒకటి పట్టుకుంటుంది. 60 అంకణాలంటే మనకు 2,160 చదరపు అడుగులు, అంటే 240 చదరపు గజాలు, ఐదు సెంట్లకు రవ్వంత తక్కువ. అదే 72తో గుణిస్తే 4,320. గుణకారంలో తప్పు లేదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు, స్థలం మాత్రం రెట్టింపైపోతుంది. ఆస్తి వివరాలు రాసే షెడ్యూలులో 40 అడుగులు, 54 అడుగులు అని కొలతలుంటే వాటిని గుణించి చూడు, ఏ అంకణమో తేలిపోతుంది.

డీకేటీ పట్టాను వట్టి పట్టా అని రాసిందేమో చూడు. అది సర్కారు ఇచ్చిన భూమి, ఆ మూడక్షరాలు పోతే కొనేవాడు మునిగిపోతాడు. ఇలా సర్కారు ఇచ్చిన అసైన్డ్ భూముల బదిలీ మీద 1977లో వచ్చిన చట్టాన్ని 2023లో సవరించారు. ఏఐ పాత మాటే చెప్పొచ్చు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో కనుక్కోకుండా చట్టం గురించి ఒక్క ముక్క రాయొద్దు.

అన్నిటికంటే నాకు భయం, అది వదిలేసే వాక్యాల గురించే. బావి నీళ్లలో వంతు, బండిదారి హక్కు ఎగిరిపోయినా మిగతాది చక్కగా అతికినట్టే ఉంటుంది. అందుకని ఒకరు ఒరిజినల్ పైకి చదవండి, ఇంకొకరు తర్జుమా మీద వేలు పెట్టుకుని వెంట పోండి. వేలు ముందుకు కదలకపోతే అక్కడ ఏదో పోయినట్టు.

సరిగ్గా ఉందా అని దాన్నే అడగొద్దు. ఉందంటుంది. రెట్టించి అడిగితే సరైనదాన్ని కూడా మార్చేస్తుంది.

జెరాక్సు చెరిగిపోయిన చోట అది ఊహించి నింపుతుంది. అక్కడ ‘చదవడానికి వీలుకాలేదు’ అని రాసి, సర్టిఫైడ్ కాపీ తెప్పించమని పార్టీకి చెప్పు.

మీ పెదనాయన