ముందు ఎడమకు తిరగనివ్వండి, ఇంజిన్ సంగతి తర్వాత

సందేహం: అమెరికా వచ్చి ఏడాదిన్నర అయింది. ఆఫీసు మిత్రుడితో వెళ్లి మట్టి ఓవల్ ట్రాక్ మీద క్వాడ్ (నాలుగు చక్రాల మోటారుబండి) రేసులు చూశాను. అప్పటినుంచి మనసంతా అక్కడే ఉంది. చేతిలో డబ్బు తక్కువ. పాత స్పోర్ట్ క్వాడ్ కొని రేసుకి తయారు చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు. నేనూ అలాగే మొదలుపెట్టాను, కానీ ఖర్చు మొత్తం తలకిందులుగా పెట్టాను. మొదటి జీతాలతో సైలెన్సర్ మార్చాను, కార్బ్యురేటర్ జెట్లు మార్చాను. చప్పుడు అదిరింది. మలుపులో మాత్రం నా పక్కనుంచి పదిహేనేళ్ల పిల్లాడు మామూలు ఇంజిన్‌తో దూసుకుపోయాడు. ఓవల్‌లో తిరిగేదంతా ఎడమకే. ఆ మలుపు సరిగ్గా తిరగని బండికి ఎంత పవర్ ఉన్నా కంచె వైపు లాక్కెళ్లడానికే పనికొస్తుంది.

కొనే ముందు మీరు ఆడబోయే ట్రాక్ రూల్ బుక్ తెచ్చుకుని చదవండి. స్టాక్ క్లాసుల్లో (కంపెనీ ఇచ్చిన బండిని పెద్దగా మార్చనివ్వని విభాగాల్లో) కొన్నిచోట్ల వెడల్పు పెంచనివ్వరు, కొన్నిచోట్ల టైర్లకీ హద్దు ఉంటుంది. ఇవి తెలియకుండా కొన్న సామాను గ్యారేజీలో మూలన పడుంటుంది.

బండి విషయంలో నా ఓటు హోండా 400ఈఎక్స్‌కే. 1999 మోడల్‌గా వచ్చింది, 397 సీసీ, గాలితో చల్లబడే ఇంజిన్, ఒకటే కార్బ్యురేటర్. రేడియేటర్ లేదు కాబట్టి ఎదుటి బండి విసిరిన రాయికి అది పగులుతుందన్న టెన్షన్ లేదు. 2004లో వచ్చిన యమహా వైఎఫ్‌జడ్450, హోండా టీఆర్‌ఎక్స్450ఆర్ దీనికంటే చురుకైనవే. కానీ రేసుల్లో నలిగిన 450 ఇంజిన్ విప్పాల్సి వచ్చిందంటే మీ సీజన్ బడ్జెట్ అక్కడే అయిపోతుంది. ఇంకా మంచి దారి: క్లాసు మారుతున్నవాళ్లో, రేసులు మానేస్తున్నవాళ్లో అప్పటికే ఓవల్‌కి సిద్ధం చేసిన బండి అమ్ముతుంటే పట్టుకోండి. వాళ్లు పెట్టిన ఖర్చులో చాలాసార్లు సగం కూడా వాళ్లకు తిరిగి రాదు. ఆ మిగతాది మీ లాభమే.

చూడటానికి వెళ్లినప్పుడు వెనక భాగాన్ని స్టాండు మీద ఎత్తి చక్రాలు తిప్పండి. బ్రేక్ డిస్క్ ఒకే గీతలో తిరగాలి. అటూ ఇటూ ఊగుతోందంటే వెనక చక్రాలను కలిపే యాక్సిల్ గానీ, ఆ డిస్క్ గానీ వంగినట్టే. ముందు చక్రాన్ని పైనా కిందా పట్టుకుని కదిపితే చక్రాన్ని పట్టి ఉంచే బాల్ జాయింట్ల వదులు తెలుస్తుంది, పక్కల పట్టుకుని కదిపితే హ్యాండిల్‌ని చక్రాలకు కలిపే టై రాడ్ల వదులు. ఈ ఇంజిన్‌కి ఆయిల్ ట్యాంకు విడిగా ఉంటుంది. కాసేపు నడిపి ఆపాకే మట్టం చూడాలి, చల్లగా ఉన్నప్పుడు చూస్తే తప్పు చెబుతుంది. ఫ్రేమ్ మీది నంబరు కాగితాల్లోని నంబరుతో కలవకపోతే బేరం ఎంత బాగున్నా తిరిగి వచ్చేయండి.

ఇక సెటప్. మొదటి పని బండి ఎత్తు తగ్గించడం. స్ప్రింగుల బిగువు వదిలేస్తే ఎత్తు తగ్గుతుంది కదా అని చాలామంది అదే చేస్తారు. అప్పుడు మొదటి గతుకుకే బండి అడుగు నేలకు తగులుతుంది. వాడిన పొట్టి షాకులు (షాక్ అబ్జార్బర్లు) దొరికితే అవే మేలు. మలుపులో ఎడమ ముందు చక్రం గాల్లోకి లేస్తుంటే ఆ షాకు మరీ సాగకుండా పట్టీ కడతారు. చవకైన పని, తేడా వెంటనే తెలుస్తుంది. చక్రాల మధ్య వెడల్పు పెంచడానికి, చక్రం వెనక బిగించే స్పేసర్లు సరిపోతాయి. కాకపోతే బేరింగుల మీద భారం పెరుగుతుంది కాబట్టి రేసు రేసుకీ వాటిని చూసుకోవాలి.

తర్వాత టైర్లు. కంపెనీ ఇచ్చే 20 అంగుళాల వెనక టైర్లు తీసి 18 అంగుళాలవి వేస్తే బండి ఇంకాస్త కిందికి వస్తుంది. టైరు పదో వంతు చిన్నదైతే గేరింగ్ కూడా ఆ మేరకు పొట్టిదైపోతుంది, అంటే లాగుడు పెరిగి పై వేగం తగ్గుతుంది. 400ఈఎక్స్‌లో వెనక స్ప్రాకెట్ (గొలుసు తిరిగే పళ్ల చక్రం) 38 పళ్లది. 34 పళ్లది వేస్తే దాదాపు పాత లెక్కకే వస్తారు. చిన్న ట్రాక్ అయితే 36 దగ్గర ఆగి చూడండి. మలుపు నుంచి బయటకు దూకుడుగా వస్తుంది.

అసలు గుట్టు స్టాగర్‌లో ఉంది. అంటే వెనక రెండు టైర్ల చుట్టుకొలతల్లో ఉంచే తేడా. వెనక యాక్సిల్ ఒకే కడ్డీ, రెండు చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ ఉండదు, రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరుగుతాయి. ఎడమ మలుపులో కుడి చక్రం వెళ్లాల్సిన దూరం ఎక్కువ. అందుకే కుడి టైరు చుట్టుకొలత కాస్త పెద్దగా ఉంచుతారు. నేను ఒక అంగుళం తేడాతో మొదలుపెట్టాను. మొదలైతే పెట్టాను కానీ టైర్లు బిగించేటప్పుడు పెద్దది ఎడమకు వేశాను! ప్రాక్టీసులో హ్యాండిల్ ఎంత తిప్పినా బండి బయటి కంచె వైపే పోతోంది. టై రాడ్లు తప్పుగా బిగించానేమో అనుకుని మళ్లీ మళ్లీ సరిచేస్తున్నాను. పక్క పిట్‌లోని (బండ్లు సరిచేసుకునే చోటులోని) ముసలాయన కాసేపు చూసి, ఏమీ మాట్లాడకుండా బట్టలు కుట్టేవాళ్ల టేపు తెచ్చి రెండు టైర్లకీ చుట్టి చూపించాడు. ఆ తర్వాత నేను కూడా అలాంటి టేపే కొన్నాను. ఒకే సైజు ముద్ర ఉన్న రెండు టైర్లు కొలిస్తే ఒకటి కావు. గాలి మార్చినా కొలత మారుతుంది. ఈ టైర్లలో గాలి బాగా తక్కువ కాబట్టి తక్కువ పీఎస్‌ఐ చూపే గేజి విడిగా కొనుక్కోండి. కారు గేజి ముల్లు ఇక్కడ సరిగ్గా కదలదు.

ముందు చక్రాల విషయంలో రెండింటి పైభాగాలూ కొద్దిగా ఎడమకు వాలేలా చూసుకోండి. మిగతాది మీ శరీరమే. ఎడమ పక్కకు దిగి వేలాడటం నేర్చుకుంటే ఏ సామానూ ఇవ్వని పట్టు వస్తుంది.

పొదుపు చేయకూడని చోట్లు కొన్ని ఉన్నాయి. హెల్మెట్ పాతది కొనకండి, లోపలి పగులు బయటికి కనిపించదు. నెర్ఫ్ బార్లు (పక్క బండి చక్రం మీ చక్రాల మధ్య దూరకుండా పక్కలకు బిగించే గొట్టాల చట్రాలు) లేకుండా దిగకండి. పక్క బండి ముందు టైరు మీ వెనక టైరు మీదికి ఎక్కిందంటే ఎగిరి బోర్లా పడేది అదే. టెదర్ తాడు ఒక కొస ఇంజిన్ ఆపే స్విచ్‌కి ఉంటుంది, ఇంకో కొస మణికట్టుకి కట్టుకుంటే మీరు పడ్డ క్షణంలో ఇంజిన్ ఆగుతుంది. దాదాపు అన్నిచోట్లా రేసుకు ముందు జరిగే టెక్ ఇన్‌స్పెక్షన్‌లో దాన్ని చూస్తారు. గాలి ఫిల్టర్‌ని ప్రతి రేసు రోజూ కడిగి నూనె పట్టించండి. ఇంజిన్ ప్రాణం ఆ స్పాంజిలోనే ఉంది.

కొత్తగా వచ్చినవాళ్లకు ఇంకో రెండు మాటలు. మీ ఇన్సూరెన్స్ కాగితాల్లో రేసుల గాయాలకు మినహాయింపు ఉందేమో చదవండి. వర్క్ వీసా మీద ఉంటే, బహుమతి డబ్బు చేతికి తీసుకునే ముందు లాయరుని అడగండి. మొదటి సీజన్‌లో ఆ ప్రశ్న రాకపోవచ్చు, నాకైతే రాలేదు.

బండి దాదాపు 170 కిలోలు ఉంటుంది. ఇంటికి తేవడానికి ట్రక్కు కొనక్కర్లేదు, ట్రైలర్ అద్దెకు దొరుకుతుంది. ఎక్కించేటప్పుడు మాత్రం ఒక స్నేహితుణ్ణి పిలవండి. నేను ఒక్కణ్ణే ఎక్కించబోయి ర్యాంపు మీదనుంచి జారాను, ఆ సొట్ట ఇప్పటికీ నా మడ్‌గార్డు మీద ఉంది.