వై డిఎన్ఏ కిట్ ఆర్డర్ పెట్టేముందు ఒక్కసారి చదువు అమ్మడూ

అమ్మడూ,

నీ మెసేజ్ చూశాను. మన ఇంటిపేరున్న రెండు శాఖలకీ మూలపురుషుడు ఒకడేనా కాదా తేల్చేద్దామని, కిట్ ఆర్డర్ పెట్టేస్తున్నానని రాశావు. చాలా సంతోషం వేసింది, మన పిల్లల్లో ఒకరికైనా ఈ ధ్యాస పుట్టిందని. కానీ ఒక్క రెండ్రోజులు ఆగు. ఏ కంపెనీ కిట్, ఎంత పెద్ద టెస్ట్ అన్నది తర్వాత సంగతి, ఎవరి శాంపిల్ ఇస్తున్నాం, దాన్ని ఎవరి శాంపిల్‌తో పోలుస్తున్నాం అన్నది ముందు తేలాలి. ఎన్నో ఏళ్ళుగా ఇలాంటి రిజల్ట్స్ చదివి పెడుతున్నవాడిగా చెప్తున్నా, ఆ ఒక్కటి సరిగ్గా కుదిరితే చిన్న టెస్ట్‌తో కూడా జవాబు దొరుకుతుంది, అది కుదరకపోతే ఎంత ఖరీదైన టెస్ట్ చేయించినా చేతికొచ్చేది ఒక సర్టిఫికెట్ కాగితమే.

నీ శాంపిల్ దీనికి పనికిరాదు తల్లీ, ఏమీ అనుకోకు. వై క్రోమోజోమ్ తండ్రి నుంచి కొడుక్కే వెళ్తుంది, ఆడపిల్లలకి ఉండదు. మీ నాన్నది ఇవ్వచ్చు, మీ తమ్ముడిది ఇవ్వచ్చు, నాదిచ్చినా అదే, మీ నాన్నా నేనూ ఒక తండ్రి బిడ్డలమే కదా. మీ మావయ్య నేనిస్తానని ముందుకొచ్చాడన్నావు, ఆయనలో ఉన్నది మీ అమ్మ పుట్టింటి మగవాళ్ళ లైను, అదీ ఎప్పుడైనా చేయించు మంచిదే, కానీ ఈ ప్రశ్నకి దానితో సంబంధం లేదు.

మిగతా క్రోమోజోములన్నీ ప్రతి తరంలో అమ్మవీ నాన్నవీ కలగలిసిపోతాయి, వై మాత్రం రెండు చివర్లలో కొంచెం తప్ప దాదాపు 95 శాతం కలవకుండా అలాగే దిగుతుంది. పాత తాళపత్రాన్ని తరం తరం చూసి రాసుకున్నట్టు, ఎప్పుడో ఒకచోట ఒక అక్షరం మారుతుంది, ఆ మార్పు ఆ తర్వాతి వాళ్ళందరికీ వస్తుంది. ఎవరెవరికి ఏ మార్పులు ఉమ్మడిగా ఉన్నాయో చూసి ఏ శాఖ ఎక్కడ విడిపోయిందో చెప్తారు. అయితే ఒకటి గుర్తుపెట్టుకో, పది తరాలు వెనక్కి వెళ్తే మనకి 1024 మంది పూర్వీకుల స్థానాలుంటాయి, వై చెప్పేది అందులో ఒకే ఒక్క మనిషి గురించి. అందుకే "మేమెవరం" అని అడగడానికి ఇది పనికిరాదు, "ఈ మగ లైనూ ఆ మగ లైనూ ఒకటేనా" అని అడిగితే మాత్రం దీన్ని మించింది లేదు.

అలా అడగాలంటే ఇద్దరు కావాలి. ఒక్కడికే చేయిస్తే ఒక హాప్లోగ్రూప్, అంటే ఒకే పాత మగ మూలం నుంచి వచ్చిన పెద్ద గుంపు, దాని పేరొస్తుంది, ఆర్ అనో జే అనో హెచ్ అనో పక్కన కొన్ని అంకెలతో, అది వేల ఏళ్ళ కిందటి సంగతి, లోకంలో లక్షల మందికి అదే ఉంటుంది, చాలామంది అది చూసి మురిసిపోయి అక్కడితో ఆపేస్తారు. నాకూ మీ నాన్నకీ చేయిస్తే మేమిద్దరం అన్నదమ్ములమని తెలుస్తుంది, అది తెలిసిందేగా. నువ్వు వెతకాల్సింది ఎంత పైన వీలైతే అంత పైన విడిపోయిన రెండు శాఖలు, ఒక్కో శాఖ నుంచి ఒక్కో మగమనిషి, ఇద్దరికీ తండ్రి పేరు, తాత పేరు, ముత్తాత పేరు అని కాగితాల మీద వరస ఉండాలి. ఆ ఇద్దరూ కలిశారనుకో, పైన ఉమ్మడి పూర్వీకుడి దాకా రెండు వైపులా వరస నిలబడినట్టే, ఎప్పుడో పోయిన ఆ మనిషి వై ఎలా ఉండేదో కూడా మన చేతికొచ్చినట్టే.

1998లో అమెరికాలో సరిగ్గా ఇలాగే చేశారు. ప్రెసిడెంట్ థామస్ జెఫర్సన్‌కి, ఆయన దగ్గర బానిసగా ఉన్న శాలీ హెమింగ్స్‌కి పిల్లలున్నారా అన్నది తేలాలి, జెఫర్సన్‌కి భార్య వల్ల పుట్టిన పిల్లల్లో మగ లైను మిగల్లేదు, అందుకని ఆయన పెదనాన్న ఫీల్డ్ జెఫర్సన్ మగ లైను వాళ్ళ శాంపిల్స్ తీసుకుని శాలీ చిన్నకొడుకు ఎస్టన్ లైనులో ఉన్న మనిషితో పోల్చారు, కలిసింది. కానీ చూడు, ఆ టెస్ట్ చెప్పింది తండ్రి జెఫర్సన్ ఇంటి మగవాడు అని మాత్రమే, థామసా ఆయన తమ్ముడా అని వై చెప్పలేదు, ఇద్దరిదీ ఒకటే కాబట్టి. ఆ పిల్లలు కడుపున పడ్డ రోజుల్లో థామస్ ఊళ్ళో ఉన్నాడని చెప్పిన రికార్డులు చూసి చరిత్రకారులు మిగతాది నిర్ణయించుకున్నారు. అందుకే కాగితాల పని పక్కన పెట్టకు, డిఎన్ఏ కాగితాలకి తోడు, కాగితాలకి బదులు కాదు.

ఇక టెస్టుల సంగతి. ఎస్‌టిఆర్ అని ఒకటుంది, కొన్ని చోట్ల చిన్న అక్షరాల ముక్క ఒకటే వరసగా రిపీట్ అవుతుంది, ఒకడికి 13 సార్లు ఉంటే ఇంకొకడికి 14 సార్లు, అలాంటి చోట్లని మార్కర్లంటారు, 12, 37, 67, 111 ఇలా లెక్కపెడతారు. 12 మార్కర్లు కలిశాయని ఎవరైనా చుట్టరికం కలుపుకుంటే నవ్వేసి ఊరుకో, ఏ సంబంధం లేనివాళ్ళకి కూడా కలుస్తాయి. 37తో మొదలుపెట్టు. మన ఇద్దరు మనుషులూ అక్కడ ఆమడ దూరంలో ఉన్నారంటే జవాబు అక్కడే వచ్చేసింది, ఇంక డబ్బులు పెట్టక్కర్లేదు. దగ్గరగా ఉంటే అప్పుడు ఎస్ఎన్‌పిలు, అంటే ఒక్క అక్షరం మారిన చోట్లు, చదివే పెద్ద టెస్ట్‌కి వెళ్ళు, వై మొత్తాన్ని కాకపోయినా చదవగలిగిన భాగాన్ని అక్షరం అక్షరం చదువుతారు, అందులో సగటున ఎనభై ఏళ్ళకి అటూ ఇటూగా ఒక కొత్త మార్పు దొరుకుతుంది కాబట్టి ఏ శాఖ ఎక్కడ చీలిందో బాగా తెలుస్తుంది. తండ్రీ కొడుకులకి ఒక మార్కర్ తేడా వచ్చినా కంగారు పడకు, అది మామూలే. ఉమ్మడి పూర్వీకుడు ఫలానా ఏడాది అని రిపోర్ట్‌లో కనిపిస్తే దాన్ని పుట్టినరోజులా తీసుకోకు, పక్కన ఇచ్చిన అటూ ఇటూ హద్దులు చూడు, ఒక్కోసారి ఆ హద్దుల మధ్య వందల ఏళ్ళుంటాయి.

శాంపిల్ ముందు పెద్దవాళ్ళది తీసుకో. మీ చిన్నతాతది మొదట, ఆయన మూలపురుషుడికి మనకంటే దగ్గరి తరం, పైగా ఆరోగ్యం అంతంతమాత్రం. ఉమ్మి పట్టే ట్యూబ్ వద్దు, వయసైన వాళ్ళకి నోరెండిపోయి అంత ఉమ్మి రాదు, పాపం అరగంట కూర్చోబెట్టాలి, బుగ్గ లోపల రుద్దే స్వాబ్ ఉన్న కిట్ తీసుకో. గంట ముందు నుంచీ తినడం తాగడం ఏమీ ఉండకూడదు. కట్టుడు పళ్ళుంటే తీయించి నోరు నీళ్ళతో పుక్కిలించమను, ఆ తర్వాతే ఆ గంట లెక్కపెట్టు. బుగ్గ లోపల గట్టిగానే రుద్దాలి, కొసని వేలితో ముట్టుకోవద్దు, రెండో స్వాబ్‌కి రెండో బుగ్గ. ఒకేరోజు ఇద్దరివి తీస్తే మొదటాయనది ట్యూబ్‌లో పెట్టి మూతేసి పేరు రాశాక గానీ రెండో కిట్ విప్పకు, శాంపిల్స్ తారుమారైతే తర్వాత కనిపెట్టడం మహా కష్టం.

అసలు కష్టమైన మాట ఇప్పుడు చెప్తా. కలవకపోవచ్చు అమ్మడూ. 2012లో ఇంగ్లండ్‌లో రాజు మూడో రిచర్డ్ ఎముకలు దొరికాయి, తల్లి వైపు డిఎన్ఏ ఇప్పటి బంధువులతో కలిసింది, కానీ మగ లైను బంధువులని ఐదుగుర్ని టెస్ట్ చేస్తే ఒక్కరిదీ రాజుగారితో కలవలేదు, ఆ ఐదుగురిలో ఒకాయనది మిగతా నలుగురితో కూడా కలవలేదు. రాజవంశాల్లోనే అలా ఉంటే మనమెంత. యూరప్‌లో చేసిన అధ్యయనాల్లో తరానికి ఒక శాతం చొప్పున ఇలా మగ లైను తెగిపోవడం కనిపించింది, పది తరాల లైనుకి లెక్కేస్తే దాదాపు పదో వంతు. దాన్ని వెంటనే ఎవరో ఆడమనిషి మీద నిందగా మార్చేవాళ్ళుంటారు, నువ్వు మార్చనివ్వకు. దత్తత తీసుకున్న బిడ్డ, మొదటి భర్త పిల్లలతో మళ్ళీ పెళ్ళి చేసుకున్న తల్లి, మావయ్య ఇంట్లో పెరిగి ఆయన ఇంటిపేరే పెట్టుకున్న మేనల్లుడు, వీటిల్లో ఏదైనా అవ్వచ్చు. కలవకపోతే వెంటనే ఏదీ తేల్చకు, రెండు శాఖల్లోనూ ఇంకొకరిని చొప్పున చేయించు, ఎవరు ఎవరితో కలిశారో చూస్తే తెగింది ఏ వైపు, ఏ తరం దగ్గర అన్నది కొంత తెలుస్తుంది.

అందుకే శాంపిల్ అడిగేటప్పుడే ఆ పెద్దాయన ఎదురుగా కూర్చుని, "తాతా, ఒకవేళ కలవలేదని వస్తే నీకు చెప్పనా వద్దా" అని అడుగు. ఆయన వద్దంటే వద్దంతే. రిజల్ట్ రాగానే ఫ్యామిలీ గ్రూప్‌లో స్క్రీన్‌షాట్ పెట్టేయకు, ముందు శాంపిల్ ఇచ్చిన మనిషికి విడిగా చెప్పు, గ్రూప్‌లో పెట్టాలా వద్దా ఆయన ఇష్టం. ఇంకోటి, ఒక్కడి వై అంటే ఆ లైనులో మగవాళ్ళందరిదీ. పేర్లు తీసేసిన డిఎన్ఏ డేటాలోంచి వై మార్కర్లు పట్టుకుని ఆన్‌లైన్‌లో పోల్చి కొందరి ఇంటిపేర్లు కనిపెట్టొచ్చని 2013లోనే రీసెర్చర్లు చూపించారు. కంపెనీలు కూడా శాశ్వతం కాదు, 23అండ్‌మీ లాంటి పెద్ద పేరున్నదాంట్లో 2023లో సుమారు 69 లక్షల మంది వివరాలు బయటికి పోయాయి, 2025 మార్చిలో అది దివాలా పిటిషన్ వేసింది. అకౌంట్ నీ మెయిల్‌తో పెట్టినా పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంది, శాంపిల్ దాచాలా పారేయాలా, రీసెర్చ్‌కి ఇవ్వాలా వద్దా అన్న చోట ఏ టిక్ పెట్టావు, అవన్నీ ఒక కాగితం మీద రాసి ఆయనకీ ఒక కాపీ ఇవ్వు. రా డేటా, అంటే టెస్ట్‌లో చదివిన అసలు అక్షరాల ఫైలు, వస్తే డౌన్‌లోడ్ చేసి మన దగ్గర కూడా ఉంచుకో.

ఈ వారం మీ చిన్నతాత దగ్గరికి వెళ్ళి ఆయన తండ్రి, తాత, ముత్తాత, వాళ్ళ అన్నదమ్ములు, ఎవరు ఏ ఊరు పోయారు, ఎవర్ని దత్తతకిచ్చారు, గుర్తున్నదంతా చెప్పించుకో, ఫోన్‌లో రికార్డ్ చేయనిస్తాడేమో ముందే అడుగు. అవతలి శాఖ వాళ్ళ పేర్లు కూడా ఆయనకే ఎక్కువ తెలుసు. అది రాసి నాకు పంపు, వాళ్ళల్లో ఎవరి వరస అన్నిటికంటే పైన విడిపోయిందో చూసి ఆ రెండో మనిషిని నేనే ఫోన్ చేసి అడుగుతాను, నాకు వాళ్ళతో మాటలున్నాయి.

మీ పెద్దనాన్న