చెత్త డబ్బా ఎవరి గేటు ముందు ఉండాలి?

పోయిన నెల ఈ శీర్షికలో మీ వీధి చెత్త కష్టాలు రాయమని అడిగాను. వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గొడవ: డబ్బా ఎక్కడ పెట్టాలి, ఎవరి గోడ పక్కన పెట్టాలి, బయట పెట్టాలా లోపల పెట్టాలా అని. 33 ఏళ్లు శానిటరీ ఇన్‌స్పెక్టర్‌గా తెల్లవారుజామున కార్మికుల హాజరు తీసుకునే మస్టరు దగ్గర నిలబడినవాణ్ణి. చిన్న విషయమని తీసిపారేయకుండా రాసినందుకు మీ అందరికీ నమస్కారం.

ప్రశ్న: మాది విజయవాడ సత్యనారాయణపురంలో వీధి మొదట్లో ఉన్న ఇల్లు. చెత్త బండి మా మూల దగ్గరే ఆగుతుంది. దాంతో లోపలి ఇళ్లవాళ్లు ఆఫీసులకు వెళ్తూ కవర్లు మా ప్రహరీ పక్కన పెట్టి పోతున్నారు. కుక్కలు చింపి రోడ్డంతా చేస్తున్నాయి. గోడకు దేవుడి బొమ్మల టైల్స్ అతికించాం. పది రోజులు ఆగారు, ఆ తర్వాత ఆ టైల్స్ కిందే పెడుతున్నారు. అడిగితే "రోడ్డు మీదే కదండీ పెట్టాం, మీ ఇంట్లో కాదుగా" అంటున్నారు. గొడవ పడాలా, ఊరుకోవాలా?
– ఒక గృహిణి, విజయవాడ

జవాబు: ఊరుకోవద్దమ్మా. గొడవ కూడా వద్దు.

ముందు ఆ "రోడ్డు మీదే కదా" అన్న మాట సంగతి చూద్దాం. అది తప్పు. 2016లో కేంద్రం తెచ్చిన ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనల్లోనే ఈ విషయం స్పష్టంగా చెప్పారు. ఇంట్లో వచ్చిన చెత్తను వీధిలో గానీ, ఖాళీ స్థలంలో గానీ, మురుగు కాల్వలో గానీ, చెరువులో గానీ వేయకూడదు, తగలబెట్టకూడదు, పాతిపెట్టకూడదు. వేరు చేసి, డబ్బాల్లో ఉంచి, తీసుకెళ్లడానికి వచ్చిన మనిషికి ఇవ్వాలి. అంటే ఆ మనిషి చేతికి అందేదాకా ఎవరి చెత్త వాళ్ల గేటు లోపలే ఉండాలి. మీ గోడ అవతల ఉన్నది రోడ్డే, కాదనను. కానీ రోడ్డు ఎవరికీ పెరడు కాదు.

ఒక మూల ఎలా పాడవుతుందో నేను కళ్లారా చూశాను. మొదటి రోజు ఒక్క కవరు ఉంటుంది. మర్నాడు నాలుగు. మూడో రోజుకు టిఫిన్ బండి అతను కొబ్బరి చిప్పలు పోస్తాడు. వారం తిరిగేసరికి ఇల్లు బాగు చేయించుకున్నవాళ్లెవరో రాత్రిపూట పాత బాత్రూమ్ టైల్స్ ముక్కలు బస్తాలో తెచ్చి గుమ్మరిస్తారు. ఆ తర్వాత దాన్ని అందరూ "చెత్త వేసే చోటు" అనే పిలుస్తారు. పక్క వీధివాళ్లకు కూడా అది గుర్తయిపోతుంది.

నేను పనిచేసిన ఒక ఊళ్లో రామాలయం వెనక అలాంటి మూల ఉండేది. "ఇచ్చట చెత్త వేయరాదు" అని బోర్డు పెడితే బోర్డు కాళ్ల దగ్గరే వేశారు. చివరికి అంతా ఎత్తించి, నీళ్లు పెట్టి కడిగించి, సున్నం, బ్లీచింగ్ చల్లించాం. ఎదురింటి పెద్దావిడ తనంతట తానే వచ్చి ముగ్గు వేశారు. నేనూ మా పారిశుద్ధ్య కార్మికుల మేస్త్రీ రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని పొద్దున ఐదున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా అక్కడ కూర్చున్నాం, తొమ్మిది రోజులు. ఎవర్నీ ఒక్క మాట అనలేదు. కవరు పట్టుకొచ్చినవాళ్లకు నమస్కారం పెట్టి, "బండి పావు తక్కువ ఏడుకి మీ గేటు దగ్గరికే వస్తుందండీ" అని చెప్పాం, అంతే. నాలుగో రోజుకు చాలామంది ఆగిపోయారు. వాళ్లలో ఎక్కువమందికి బండి ఎప్పుడొస్తుందో తెలియదు. కొందరికి తెలుసు గానీ ఆ టైమ్‌కి ఇంట్లో ఉండరు. ఊరికే మొండికేసినవాళ్లు ఇద్దరో ముగ్గురో.

మీ వీధిలోనూ అసలు కారణం వెతకండి. బండి లోపలికి ఎందుకు రావడం లేదు? నా అనుభవంలో పదింట ఎనిమిది చోట్ల కారణం ఒకటే, రెండు పక్కలా నిలిపిన కార్లు. ఆటో టిప్పర్ లోపలికి వెళ్తే తిరగడానికి చోటుండదు, రివర్స్‌లో రావాలంటే డ్రైవర్‌కి భయం. మీ వార్డు సచివాలయంలో శానిటేషన్ సెక్రటరీ ఉంటారు. వీధివాళ్లు నలుగురైదుగురు కలిసి వెళ్లి, "బండి రాలేకపోతే లోపలికి తోపుడు బండి పంపండి" అని రాతపూర్వకంగా ఇవ్వండి. ఆ కాగితం మీద లోపలి ఇళ్లవాళ్ల సంతకాలు కూడా ఉండాలి. సంతకం పెట్టించుకోవడానికి వెళ్లినప్పుడే వాళ్లతో మాట్లాడటం కుదురుతుంది. "మీరు మా గోడ పక్కన పెడుతున్నారు" అని మొదలుపెట్టకండి. "బండి మీ గేటు దాకా వచ్చేలా అడుగుదాం, రండి" అనండి.

పొద్దున్నే వెళ్లిపోయేవాళ్లు ఏం చేయాలంటే, మూత ఉన్న డబ్బాను గేటు లోపల, చెయ్యి పెడితే అందేంత దూరంలో ఉంచి, గొళ్లెం మాత్రం వేసి వెళ్లాలి. తాళం వేసుకోవాల్సిన ఇల్లయితే పక్కింటివాళ్లకు అప్పజెప్పాలి. మూత మీద ఒక ఇటుక పెడితే పిల్లులూ కుక్కలూ తీయలేవు. కవరు మాత్రం ఎక్కడా కింద పెట్టొద్దు, మీ గోడ పక్కనా వద్దు, వాళ్ల గోడ పక్కనా వద్దు.

ప్రశ్న: మాది కూకట్‌పల్లిలో 15 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. సెల్లార్ లేదు, స్టిల్ట్ పార్కింగ్. చెత్త డ్రమ్ములు మెట్ల కింద, కరెంటు మీటర్ల పక్కన పెట్టారు. వాసన రెండో అంతస్తు దాకా వస్తోంది. మీటింగ్‌లో అందరూ "మా కారు పక్కన వద్దు" అంటున్నారు. మరెక్కడ పెట్టాలి?
– అసోసియేషన్ కార్యదర్శి, హైదరాబాద్

జవాబు: మీటర్ల పక్క నుంచి మాత్రం ఈ రోజే తీయించండి. ఎండు అట్టపెట్టెలు, ఆరీ ఆరని అగరొత్తి పుల్లలు, పైన కరెంటు వైర్లు. మెట్లేమో మీరంతా కిందికి దిగాల్సిన దారి. ఇంతకంటే చెప్పక్కర్లేదు. మంచినీళ్ల సంపు పక్కన కూడా వద్దు. డ్రమ్ము కారితే ఆ నీళ్లు ఎటు పోతాయో చూసుకోవాలి.

ఉండాల్సిన చోటు గేటు లోపల, చెత్త తీసుకెళ్లే స్వచ్ఛ ఆటో ఆగే వైపు. కింద సిమెంటు గచ్చు, కడగడానికి దగ్గర్లో ఒక కుళాయి, ఆ నీళ్లు డ్రైనేజీలోకి పోయే దారి ఉండాలి. హైదరాబాద్‌లో 2015లో స్వచ్ఛ ఆటోలు మొదలైనప్పుడు ఇంటికి ఆకుపచ్చ డబ్బా ఒకటి, నీలం డబ్బా ఒకటి ఇచ్చారు. తడికి ఆకుపచ్చ, పొడికి నీలం. కిందున్న మీ పెద్ద డ్రమ్ములకూ అదే రంగులు వేయిస్తే, పైనుంచి వచ్చేవాళ్లు తడుముకోరు.

మీరు అడగని మాట ఒకటి చెబుతాను, ఏమనుకోకండి. చాలా అపార్ట్‌మెంట్లలో చెత్త డ్రమ్ము కోసం "ఎవరికీ ఇబ్బంది లేని చోటు" వెతికి వెతికి, ఆఖరికి వాచ్‌మన్ గది కిటికీ కింద పెడతారు. నేను తనిఖీకి వెళ్లిన ఒక చోట ఆ కిటికీ లోపల మూడు నెలల బిడ్డ ఉయ్యాలలో ఉంది, ఉయ్యాల మీద కప్పిన చీర నిండా ఈగలు. పదిహేను కార్లకు అక్కర్లేని వాసన ఆ బిడ్డ పీలుస్తోంది. మీ మీటింగ్‌లో చోటు గురించి మాట్లాడుకునేటప్పుడు వాచ్‌మన్ దంపతుల్ని కూడా కూర్చోబెట్టండి. రోజూ ఆ డ్రమ్ము ఎత్తేది వాళ్లే కదా, ఎక్కడైతే వీలో మీకంటే వాళ్లకే బాగా తెలుసు.

ప్రశ్న: పిల్లల డైపర్లు, ఆడవాళ్ల ప్యాడ్లు ఏ డబ్బాలో వేయాలి? అడగడానికి మొహమాటంగా ఉంది.
– తెనాలి నుంచి ఒక పాఠకురాలు

జవాబు: మొహమాటం అక్కర్లేదమ్మా, అందరూ అడగాల్సిన ప్రశ్నే ఇది. తడిలోనూ వద్దు, పొడిలోనూ వద్దు. పాత న్యూస్‌పేపర్‌లో గట్టిగా చుట్టి, దారం కట్టి, పైన ఎర్ర స్కెచ్‌పెన్నుతో ఒక గుర్తు పెట్టండి. విడిగా చేతికివ్వండి. ఎర్ర గుర్తు చూస్తే తీసుకునేవాళ్లు విప్పరు.

ప్రశ్న: మా గుంటూరులో మూడు రంగుల డబ్బాలు ఇచ్చారు, నెలనెలా డబ్బులు తీసుకున్నారు. ఇప్పుడు చెత్త పన్ను తీసేశారు కదా. ఇంకా మనమే వేరు చేసి ఇవ్వాలా? బండిలో అన్నీ ఒకచోటే కలిపేస్తుంటే మనం వేరు చేసి ఏం లాభం?
– ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, గుంటూరు

జవాబు: మాస్టారూ, రద్దయింది రుసుము. బాధ్యత రద్దు కాలేదు. 2021 అక్టోబరు 2న క్లీన్ ఆంధ్రప్రదేశ్ (క్లాప్) కార్యక్రమం మొదలై ఆ డబ్బాలు వచ్చాయి. 2024లో ప్రభుత్వం మారాక చెత్త పన్ను ఎత్తేశారు. వేరు చేయాలన్న నియమం వీటన్నిటికీ ముందు నుంచే, 2016 నుంచే ఉంది. పైగా 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త కేంద్ర నిబంధనల్లో అది నాలుగు రకాలైంది. తడి, పొడి, శానిటరీ చెత్త, ఇవి కాక బల్బులు, మిగిలిపోయిన మందులు, పెయింటు డబ్బాల వంటి జాగ్రత్తగా ఇవ్వాల్సినవి.

బండిలో కలిపేస్తే ఫిర్యాదు చేయండి. అది తప్పే, నేను వెనకేసుకురాను. కానీ "ఏం లాభం" అన్నారు కాబట్టి ఒక సంగతి చెబుతాను.

2013 వానాకాలం. మస్టరు ముగించుకుని టీ తాగుతుంటే మా కార్మికురాలు ఒకావిడ కుడి చేతికి కొంగు చుట్టుకుని వచ్చింది. కొంగు విప్పితే బొటనవేలి మొదలు నుంచి అరచెయ్యి సగం దాకా తెగింది. తెగిన చోట రక్తం, దాని మీద సాంబారు పసుపు, అంటుకుని రెండు మెతుకులు. ఎవరో నిన్నటి సాంబారన్నం, పగిలిన గాజు గ్లాసు ఒకే కవర్లో వేసి ముడి బిగించారు. ముడి రాలేదు, ఆవిడ చేత్తో చింపింది. కుట్లు ఆరు పడ్డాయి. మూడు వారాలు పనికి రాలేదు. కాంట్రాక్టు మనిషి, పనికి రాకపోతే కూలీ లేదు. కుట్లు వేస్తుండగా నాతో అంది, "నీలం పూల గ్లాసు సార్. ఆ ఇంట్లో నాకు టీ పోసే గ్లాసే."

నేను ఆ ఇంటికి వెళ్లాను. ఇంటావిడ మంచి మనిషే. విని కూలబడిపోయారు. ఆవిడ ఆ గ్లాసు ఎవరి మీదా కోపంతో వేయలేదు, పగిలింది కాబట్టి చేతికందిన కవర్లో వేశారు, అంతే. అప్పటి నుంచీ నేను ఎవరు అడిగినా ఇదే చెబుతున్నాను: కవరుకు ముడి వేయొద్దు. తడి చెత్తను అసలు కవర్లోనే వేయొద్దు, డబ్బాలోంచి నేరుగా వంపేలా ఉంచండి. గాజు, బ్లేడు, సూది ఏదైనా సరే అట్టపెట్టెలో పెట్టి, టేపు అంటించి, "గాజు ఉంది" అని నోటితో చెప్పి ఇవ్వండి. బండిలో తర్వాత ఏం జరిగినా, మీ గేటు దగ్గర ఆ చెత్తలోకి వెళ్లే చెయ్యి మాత్రం మీరు వేరు చేస్తే తెగదు. ఆ లాభం ఆ క్షణానే వస్తుంది మాస్టారూ.

ప్రశ్న: మా అమ్మ మున్సిపాలిటీలో పారిశుద్ధ్య కార్మికురాలు. రోజుకు రెండు వందల ఇళ్లు తిరుగుతుంది. కొందరు డబ్బా నేల మీద పెట్టి, గేటు కింద సందులోంచి కాలితో బయటికి తోస్తారట. రాత్రి నడుం నొప్పితో పడుకోలేదు. నేను డిగ్రీ చదువుతున్నాను. ఇళ్లవాళ్లకు ఏం చెప్పాలో మీరు రాస్తే అమ్మకు చదివి వినిపిస్తాను.
– ఒక విద్యార్థిని

జవాబు: తల్లీ, నీ ఉత్తరం రెండుసార్లు చదువుకున్నాను. రెండు వందల ఇళ్లంటే డబ్బా కోసం రెండు వందల సార్లు నేల దాకా వంగడం, రెండు వందల సార్లు బరువుతో లేవడం. ఇందులో ఇళ్లవాళ్లు తప్పించగలిగింది చాలా ఉంది, ఖర్చు కూడా లేదు.

డబ్బాను నేల మీద కాకుండా అరుగు మీదో, మెట్టు మీదో, గేటు పక్క దిమ్మ మీదో పెట్టాలి. అంచుల దాకా నింపకూడదు, ముప్పావు వంతు చాలు. తడి డబ్బాలో నీళ్లు లేకుండా వంపేసి పెట్టాలి, బరువులో చాలా భాగం ఆ నీళ్లదే. ఇంట్లో మనిషి ఉంటే చేతికివ్వాలి, ఖాళీ డబ్బాను చేత్తోనే తీసుకోవాలి. కాలితో తోసేవాళ్లకు నేను రాసేది ఒక్కటే: రేపటి నుంచి మానేయండి.

మా ఇంట్లో గేటు లోపల కుడి పక్కన మూడు సిమెంటు ఇటుకలు పేర్చి, పైన పాత కడప రాయి ముక్క వేశాను. దాని మీద రెండు డబ్బాలు పడతాయి. నిలబడే తీసుకోవచ్చు. మీ అమ్మగారిని అడుగు, ఆ ఎత్తు సరిపోతుందో, ఇంకో ఇటుక వేయాలో. ఆవిడ ఎంత చెబితే అంత ఎత్తు వచ్చే నెల ఇక్కడ అచ్చు వేస్తాను.